గొంతు నొప్పి తగ్గినా వదలని దగ్గు, బొంగురు: తేదీ గుర్తుంచుకొనుటయే తొలి వైద్యం

ప్రత్యేక వ్యాసం - ఆరోగ్యం

మధిర (ఖమ్మం జిల్లా): సంక్రాంతి వెళ్లిన నాటి నుంచి ఎండలు ముదిరే వరకు మధిర ప్రాంతంలో ఎర్రని మిరప కల్లాలు దర్శనమిస్తాయి. కాయ కోయడం, ఆరబోయడం, తాలు కాయలు ఏరివేయడం, బస్తాలకు ఎత్తి ఖమ్మం మార్కెట్‌కు తరలించడం వంటి పనులలో స్థానిక కూలీలతో పాటు ఛత్తీస్‌గఢ్, ఒడిశా రాష్ట్రాల నుంచి వలస వచ్చిన కుటుంబాలు కూడా పాల్గొంటాయి. చలికాలపు జలుబులు, గొంతు నొప్పులు ప్రబలేది కూడా ఇంచుమించు ఈ రోజులలోనే. జ్వరం మూడు నాలుగు రోజులకు తగ్గుతుంది. గొంతు నొప్పి వారం తిరిగేసరికి నెమ్మదిస్తుంది. దగ్గు మాత్రం వదలదు. గొంతు బొంగురుగానే ఉండిపోతుంది.

కారణమేమని అడిగితే ఎవరి సమాధానం వారి వద్ద సిద్ధంగా ఉంటుంది. కల్లంలో పనిచేసేవారు మిర్చి ఘాటు అంటారు. జిన్నింగ్ మిల్లులో పనిచేసేవారు పత్తి నుసి అంటారు. ఖమ్మం పరిసరాలలోని గ్రానైట్ యూనిట్ల కార్మికులు రాతి పొడి అంటారు. ఇల్లెందు, కొత్తగూడెం, సత్తుపల్లి ప్రాంతాల గని కార్మికులు బొగ్గు దుమ్ము అంటారు. భద్రాచలం ఏజెన్సీ గూడేలలో కట్టెల పొయ్యి ముందు కూర్చునే మహిళలు పొయ్యి పొగ అంటారు. ఉపాధ్యాయులు పాఠాలు చెప్పి గొంతు పోయిందంటారు.

ఈ సమాధానాలలో అసత్యమేమీ లేదు. ఘాటు, నుసి, పొగ, అతిగా మాట్లాడడం నిజంగానే గొంతును ఇబ్బంది పెడతాయి. అయితే ఇంత సులభంగా ఒక కారణం దొరకడం వల్లనే దగ్గు ఎన్నాళ్లుగా ఉన్నదన్న లెక్క తప్పిపోతున్నది. వైద్యుని దృష్టిలో మాత్రం ఆ లెక్కయే ముఖ్యం. మిగిలిపోయిన దగ్గులలో, బొంగురు గొంతులలో అత్యధికం ఏ మందూ అవసరం లేకుండానే నయమవుతాయి. కొద్దిపాటి మాత్రం క్షయకో, స్వరపేటిక క్యాన్సర్‌కో తొలి సంకేతాలు. ఈ రెండింటినీ వేరు చేసేందుకు సామాన్యులకు అందుబాటులో ఉన్న సాధనం క్యాలెండర్. దగ్గు రెండు వారాలకు చేరితే తెమడ పరీక్ష, బొంగురు నాలుగు వారాలు దాటితే స్వరపేటిక పరీక్ష. ఈ రెండు గడువులను ప్రతి కుటుంబమూ గుర్తుంచుకోవలసి ఉన్నది.

గొంతు ఎందుకు బొంగురు పోతుంది

మెడ ముందు భాగంలో, శ్వాసనాళానికి పై చివరన స్వరపేటిక ఉంటుంది. అందులో రెండు సున్నితమైన కండర మడతలు ఉంటాయి. వీటినే స్వరతంత్రులు అంటారు. ఊపిరి పీల్చునపుడు ఇవి విడివడతాయి. మాట్లాడునపుడు దగ్గరకు చేరి, ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలి తాకిడికి కంపిస్తాయి. పురుషులలో సెకనుకు సుమారు 100 నుంచి 125 సార్లు, స్త్రీలలో సుమారు 200 సార్లు ఈ కంపనం జరుగుతుంది. గంటసేపు పాఠం చెప్పిన ఉపాధ్యాయురాలి స్వరతంత్రులు లక్షల సార్లు ఒకదానినొకటి తాకుతాయన్న మాట.

జలుబు కలిగించే వైరస్‌లు స్వరపేటికకు సోకినపుడు ఈ మడతలు వాచి బరువెక్కుతాయి. అంచులు సమంగా కలియవు. కంపనం క్రమం తప్పి మాట బొంగురుగా వస్తుంది. కొందరికి మాట పూర్తిగా పడిపోతుంది. ఇది సాధారణంగా ఒకటి రెండు వారాలలో సర్దుకుంటుంది. వాపు తగ్గక ముందే గట్టిగా మాట్లాడడం, అరవడం, మాటిమాటికి గొంతు సవరించుకోవడం వల్ల కోలుకోవడం ఆలస్యమవుతుంది. వాచిన మడతలు బలంగా రాపిడి చెందడమే ఇందుకు కారణం. ఉపాధ్యాయులు, మార్కెట్ యార్డులలో వేలం పాడేవారు, బస్సు కండక్టర్లు, అర్చకులు, పాస్టర్లు, హరికథ బుర్రకథ కళాకారులు, ఎన్నికల వేళ ప్రచారకులు ఈ ఇబ్బందికి ఎక్కువగా లోనవుతారు.

గుసగుసగా మాట్లాడితే గొంతుకు విశ్రాంతి లభిస్తుందని చాలామంది భావిస్తారు. బలవంతపు గుసగుస చాలామందిలో స్వరపేటిక కండరాలను మరింత బిగదీస్తుంది. తక్కువగా మాట్లాడడం, మాట్లాడినపుడు మామూలు స్వరంతో మెల్లగా మాట్లాడడం సరియైన పద్ధతి.

వైరస్ పోయినా దగ్గు ఎందుకు పోదు

దగ్గు శరీరానికి శత్రువు కాదు. శ్వాసమార్గంలో చేరిన దుమ్మును, కఫాన్ని, పొరపాటున జారిన మెతుకును బయటికి నెట్టే రక్షణ చర్య అది. స్వరపేటికలో, శ్వాసనాళంలో ఉన్న నాడుల కొసలు ఇందుకు కావలి కాస్తాయి. వైరస్ సోకినపుడు శ్వాసనాళపు లోపలి పొర దెబ్బతిని ఈ నాడుల కొసలు అతి సున్నితమవుతాయి. వైరస్ వెళ్లిపోయిన తరువాత కూడా పొర మరల బాగుపడి, నాడులు శాంతించేందుకు కొన్ని వారాలు పడుతుంది. ఈ లోపు చల్లగాలి, పొగ, గట్టిగా నవ్వడం, కొద్దిసేపు మాట్లాడడం కూడా దగ్గు తెర తెప్పిస్తాయి. కోవిడ్-19 నుంచి కోలుకున్న వారిలో అనేకులు వారాల తరబడి దగ్గిన సంగతి 2020 తరువాత అందరికీ అనుభవంలోకి వచ్చినదే.

మిర్చి పండించే ఈ ప్రాంతానికి, ఆధునిక వైద్య పరిశోధనకు ఇక్కడ ఒక ఆసక్తికరమైన సంబంధం ఉన్నది. మిరపలోని కారానికి మూలమైన పదార్థం పేరు క్యాప్సైసిన్. దీనిని గుర్తించే గ్రాహకాన్ని అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం 1997లో కనుగొన్నది. ఈ కృషికి ఆయన 2021లో ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిసి వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి పొందారు. నాలుక మీద కారాన్ని, చర్మం మీద వేడిని తెలిపే ఆ గ్రాహకమే శ్వాసమార్గంలోని నాడులలోనూ ఉన్నది. ఒక వ్యక్తి దగ్గు ఎంత సున్నితంగా ఉన్నదో కొలిచేందుకు ప్రపంచవ్యాప్తంగా పరిశోధకులు క్యాప్సైసిన్ తుంపరలను పీల్పించి పరీక్షిస్తారు. జలుబు చేసిన వారిలో మామూలు కంటె తక్కువ మోతాదుకే దగ్గు వస్తుంది.

ఘాటైన తేజ రకం మిర్చికి పేరుగాంచిన ఖమ్మం జిల్లా కల్లాలలో ఈ పరీక్ష ప్రతి ఏటా తనంతట తానే జరుగుతున్నదని చెప్పవచ్చు. ఆరోగ్యవంతుడు తట్టుకోగల ఘాటును జలుబు నుంచి అప్పుడే లేచిన వ్యక్తి తట్టుకోలేడు. కనుక గొంతు జబ్బు నుంచి కోలుకుంటున్నవారు కొద్ది రోజులైనా తాలు కాయల ఏరివేత, తొడిమలు తీయడం, కారం పట్టించడం వంటి పనులకు దూరంగా ఉండడం మంచిది. తప్పనిసరియైతే ముక్కు, నోరు మూసేలా మాస్కు ధరించి, గాలి వాలుకు ఎదురుగా కాక పక్కగా కూర్చోవాలి.

వైద్యులు పెద్దల దగ్గును మూడు వారాల లోపు, మూడు నుంచి ఎనిమిది వారాలు, ఎనిమిది వారాలకు పైబడినది అని మూడు విధాలుగా విభజిస్తారు. వైరస్ జబ్బు తరువాత మిగిలిన దగ్గు సాధారణంగా ఎనిమిది వారాల లోపు పోతుంది. సంక్రాంతి నాడు మొదలైన దగ్గు ఉగాది నాటికీ ఉన్నదంటే అది మిగిలిపోయిన దగ్గు కాదు, మరొక కారణం వెదకవలసిన దీర్ఘకాలపు దగ్గు. పిల్లలలో నాలుగు వారాలు దాటితేనే దీర్ఘకాలపు దగ్గుగా పరిగణిస్తారు.

ఇంటి వద్ద తీసుకోదగిన జాగ్రత్తలు

తరచుగా గోరువెచ్చని నీరు తాగాలి. గోరువెచ్చని ఉప్పు నీటితో రోజుకు రెండు మూడు మార్లు పుక్కిలించాలి. తేనె దగ్గును కొంతమేర తగ్గిస్తుందని అధ్యయనాలు తెలుపుతున్నాయి. పడుకునే ముందు ఒక చెంచా తేనె తీసుకోవచ్చు. అయితే ఏడాది నిండని శిశువుకు తేనె నాకించరాదు. బోటులిజం అనే ప్రమాదకరమైన వ్యాధి సోకే అవకాశం ఉన్నది. అల్లం, తులసి కషాయం, పసుపు కలిపిన పాలు గొంతుకు హాయినిస్తాయి. వీటిని ఉపశమనంగా భావించాలి గాని, పరీక్షకు ప్రత్యామ్నాయంగా భావించరాదు.

ఆవిరి పట్టునపుడు మరిగే నీటి గిన్నె ఒలికి పిల్లలు కాలిన సంఘటనలు అనేకం. పిల్లలకు మరిగే నీటి గిన్నెతో ఆవిరి పట్టించకపోవడమే క్షేమం. బీడీ, చుట్ట, సిగరెట్టు పూర్తిగా మానాలి. ఇంట్లో ఇతరులు తాగే పొగ కూడా హాని చేస్తుంది. వంట గదిలో పొగ బయటికి పోయే మార్గం ఉండాలి. రాత్రి భోజనానికి, నిద్రకు మధ్య రెండు మూడు గంటల వ్యవధి ఉంచుకోవాలి.

దగ్గు సిరప్‌ల విషయంలో మిక్కిలి జాగ్రత్త అవసరం. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్‌వాడా జిల్లాలో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషపదార్థం కలిసిన సిరప్ వల్ల చిన్నారులు మూత్రపిండాలు చెడి మరణించిన విషాదం దేశాన్ని కలచివేసింది. రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వరాదని, అయిదేళ్ల లోపు వారికి సాధారణంగా సిఫారసు చేయరాదని కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జనరల్ ఆ ఏడాది అక్టోబరులో రాష్ట్రాలకు సూచించింది. పక్క ఇంటి వారి సీసాలో మిగిలిన మందును పిల్లలకు పోసే అలవాటును వెంటనే మానుకోవాలి.

యాంటీబయాటిక్ ఎప్పుడు

గొంతు జబ్బులలో అధిక భాగం వైరస్‌ల వల్ల కలిగేవే. వాటిపై యాంటీబయాటిక్ పనిచేయదు. జలుబు, దగ్గు, బొంగురు మూడూ కలిసి ఉన్నవంటే అది వైరస్ జబ్బు అనుటకే ఎక్కువ అవకాశం. దగ్గు లేకుండా తీవ్రమైన గొంతు నొప్పి, అధిక జ్వరం, టాన్సిల్స్‌పై తెల్లని పొర, మెడలో బిళ్లలు కట్టడం ఉంటే స్ట్రెప్టోకోకస్ అనే బాక్టీరియా కారణం కావచ్చు. అపుడు వైద్యుడు నిర్ణయించిన యాంటీబయాటిక్‌ను చెప్పిన రోజులన్నీ వాడాలి. లేనిచో పాఠశాల వయసు పిల్లలకు కీళ్లవాతం సోకి గుండె కవాటాలు దెబ్బతినే ప్రమాదం ఉన్నది.

అనవసరపు యాంటీబయాటిక్ వల్ల మరొక ముప్పు కూడా ఉన్నది. లీవోఫ్లాక్సాసిన్ వంటి మందులు క్షయ క్రిములపై కొంతమేర పనిచేస్తాయి. క్షయ రోగికి వీటిని మామూలు దగ్గు మందుగా ఇస్తే కొన్నాళ్లు తగ్గినట్లు కనిపించి, పరీక్ష వాయిదా పడి, వ్యాధి లోలోపల ముదురుతుంది. స్టెరాయిడ్ మాత్రలు సొంతంగా వాడినా ఇదే జరుగుతుంది. ఇందువల్లనే లీవోఫ్లాక్సాసిన్‌ను, క్షయ మందులను 2014 మార్చి నుంచి అమలులోకి వచ్చిన షెడ్యూల్ హెచ్1లో చేర్చారు. వీటిని విక్రయించే దుకాణదారుడు వైద్యుని చీటీ చూడడమే కాక, రోగి వివరాలను ప్రత్యేక రిజిస్టరులో నమోదు చేయవలసి ఉంటుంది.

రెండు వారాల గడువు: క్షయ పరీక్ష

ప్రపంచంలోని క్షయ రోగులలో దాదాపు నాలుగో వంతు భారతదేశంలోనే ఉన్నారు. రెండు వారాలు లేదా అంతకు మించి దగ్గు, రెండు వారాలుగా సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, కళ్లెలో రక్తం పడడం - వీటిలో ఏ ఒక్కటి ఉన్నా క్షయ పరీక్ష చేయించాలన్నది జాతీయ కార్యక్రమ నియమం. పూర్వం ఈ గడువు మూడు వారాలుగా ఉండేది. రోగులను మరింత త్వరగా గుర్తించేందుకు 2009లో దీనిని రెండు వారాలకు తగ్గించారు. హెచ్‌ఐవీ ఉన్నవారు, క్షయ రోగితో ఒకే ఇంట్లో నివసించేవారు రెండు వారాలు కూడా వేచి ఉండరాదు. మధుమేహం ఉన్నవారికి క్షయ సోకే అవకాశం ఇతరుల కంటె రెండు మూడు రెట్లు అధికం. రాతి పొడి పీల్చి సిలికోసిస్‌కు గురైన కార్మికుల పరిస్థితి కూడా ఇటువంటిదే.

వైరస్ తరువాతి దగ్గు సైతం రెండు వారాలు దాటడం మామూలే అయినపుడు, అందరికీ పరీక్ష ఎందుకన్న ప్రశ్న సహజం. పరీక్షకు వెళ్లిన వారిలో ఎక్కువ మందికి క్షయ ఉండదు. అయినప్పటికీ పరీక్ష అవసరమే. చికిత్స లేని క్షయ రోగి ఏడాదిలో సగటున పది నుంచి పదిహేను మందికి వ్యాధిని అంటించగలడన్నది చాలాకాలంగా ఆరోగ్య శాఖలు చెబుతున్న అంచనా. పరీక్షకు అయ్యే శ్రమ ఒక పూట. పరీక్ష లేకపోతే కలిగే నష్టం ఒక కుటుంబం మొత్తానిది.

క్షయ ఊపిరితిత్తులకే పరిమితమన్నది పొరపాటు అభిప్రాయం. అది స్వరపేటికకు కూడా వ్యాపించవచ్చు. స్వరపేటిక క్షయలో ప్రధాన లక్షణం బొంగురు గొంతే. కనుక దగ్గు, బొంగురు రెండూ కలిసి రెండు వారాలు దాటినవారు ఆలస్యం చేయరాదు.

1997లో ఆరంభమై 2006 నాటికి దేశమంతటా విస్తరించిన సవరించిన జాతీయ క్షయ నియంత్రణ కార్యక్రమం 2020 నుంచి జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమంగా కొనసాగుతున్నది. దీని కింద ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో పరీక్షలు, మందులు పూర్తిగా ఉచితం. సీబీనాట్, ట్రూనాట్ పరీక్షలు కొద్ది గంటలలోనే క్షయ క్రిమిని గుర్తించడంతో పాటు, ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు అది లొంగుతుందో లేదో కూడా తెలుపుతాయి. సాధారణ క్షయకు ఆరు నెలల చికిత్స సరిపోతుంది. చికిత్స కాలంలో పోషకాహారం కొరకు నిక్షయ్ పోషణ్ యోజన కింద 2018 నుంచి నెలకు రూ.500 చొప్పున రోగి బ్యాంకు ఖాతాకు జమ చేస్తూ వచ్చారు. 2024 నవంబరు నుంచి ఈ మొత్తాన్ని రూ.1,000కి పెంచారు.

తెమడ ఇచ్చే విధానం తెలియక పరీక్ష తప్పిపోవడం పరిపాటి. ఉమ్మి తెమడ కాదు. ఉదయం లేవగానే నోరు పుక్కిలించి, రెండు మూడు మార్లు గాఢంగా ఊపిరి పీల్చి, ఛాతీ లోతు నుంచి దగ్గి తీసిన కళ్లెనే డబ్బాలో ఇవ్వాలి. ఇతరులకు దూరంగా, ఆరుబయట ఈ పని చేయాలి.

మిర్చి కోతకు వచ్చే వలస కూలీల విషయం ప్రత్యేకంగా పేర్కొనదగినది. ఉదాహరణకు, సంక్రాంతికి పనిలో చేరిన కూలీకి దగ్గు మొదలైనదనుకుందాం. జనవరి నెలాఖరుకు అతనికి పరీక్ష గడువు వస్తుంది. అతడు, మేస్త్రి, రైతు అందరూ దానిని మిర్చి ఘాటుగానే భావిస్తారు. కోతలు ముగిసి స్వగ్రామం చేరే నాటికి రెండు మూడు నెలలు గడిచిపోతాయి. ఆ రోజులన్నీ గుడారంలో అతని పక్కన పడుకున్నది భార్యాపిల్లలే. మధిర ప్రాంతంలో ఒకసారి నమోదైతే నిక్షయ్ పోర్టల్‌లోని గుర్తింపు సంఖ్య దేశంలో ఎక్కడికి వెళ్లినా చెల్లుతుంది. చికిత్సను సొంత జిల్లాకు బదిలీ చేయించుకోవచ్చు. పని పోతుందన్న భయంతోనో, భాష రాకనో పరీక్షకు వెనుకాడే ఇటువంటి వారికి ఈ సంగతి వారి భాషలో చెప్పగలగాలి.

నాలుగు వారాల గడువు: స్వరపేటిక పరీక్ష

దగ్గుకు ఉన్నంత ప్రచారం బొంగురు గొంతుకు లేదు. నాలుగు వారాలకు తగ్గని బొంగురుకు స్వరపేటికను కళ్లతో చూసి పరీక్షించాలన్నది చెవి, ముక్కు, గొంతు వైద్యుల మార్గదర్శక సూత్రం. పొగాకు వాడేవారు, మెడలో గడ్డ ఉన్నవారు, మింగుట కష్టమైనవారు, కళ్లెలో రక్తం పడేవారు, మెడకు లేదా ఛాతీకి ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారు నాలుగు వారాలు కూడా ఆగరాదు. చిన్న అద్దంతో గాని, సన్నని ఎండోస్కోపుతో గాని కొద్ది నిమిషాలలో ఈ పరీక్ష ముగుస్తుంది. చాలామందికి మత్తు ఇవ్వవలసిన అవసరం ఉండదు.

ఈ పరీక్షలో అధికంగా బయటపడేవి వాపు, చిన్న కాయలు, నీటి బుడగల వంటి పాలిప్‌లు. మాట తీరు సరిదిద్దే స్వర చికిత్సతో కాయలు చాలావరకు తగ్గుతాయి. కొందరిలో స్వరతంత్రిని కదిలించే నాడి దెబ్బతిని ఉంటుంది. ఆ నాడి ఛాతీలోకి దిగి తిరిగి మెడలోకి వస్తుంది గనుక థైరాయిడ్, ఊపిరితిత్తులను కూడా పరీక్షించవలసి ఉంటుంది.

స్వరతంత్రుల క్యాన్సర్‌కు ఒక ప్రత్యేకత ఉన్నది. అది ఇంకా చిన్నదిగా ఉన్నపుడే మాటను మారుస్తుంది. అంటే వ్యాధి తనను తాను ముందుగానే చాటుకుంటుంది. ఆ దశలో గుర్తించినచో రేడియేషన్‌తో గాని, చిన్న శస్త్రచికిత్సతో గాని నయం చేసి, స్వరాన్ని కూడా నిలపవచ్చు. బొంగురును నెలల తరబడి ఉపేక్షించినచో స్వరపేటికనే తొలగించవలసిన పరిస్థితి రావచ్చు. చుట్ట, బీడీ అలవాటున్న పెద్దలు గ్రామాలలో తమ బొంగురును వయసు ప్రభావంగా భావించి ఊరుకోవడం వల్ల ఈ అవకాశం చేజారుతున్నది. పొగాకుకు మద్యం తోడైతే ముప్పు మరింత పెరుగుతుంది.

మధిర రైలు మార్గంలో ఉన్నందున ఖమ్మం చేరుట సులభం. ఖమ్మంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. అంతకు ముందు ఏడాది కొత్తగూడెంలో ప్రభుత్వ వైద్య కళాశాల ఏర్పాటైంది. ఏజెన్సీ వాసులకు భద్రాచలం ఏరియా ఆసుపత్రి సమీపంలో ఉన్నది. ఉన్నత స్థాయి పరీక్షలకు హైదరాబాదు కోఠిలోని ప్రభుత్వ చెవి ముక్కు గొంతు ఆసుపత్రి, క్యాన్సర్ చికిత్సకు ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి.

రెండు గడువులకు అందని కారణాలు

క్షయ లేదని తేలిన తరువాత కూడా దగ్గు సాగుతుంటే వైద్యులు మరికొన్ని కారణాలను పరిశీలిస్తారు. రాత్రివేళ, తెల్లవారుజామున దగ్గు, పిల్లికూతలు ఉంటే ఉబ్బసం కావచ్చు. కొందరిలో పిల్లికూతలు లేకుండా దగ్గు రూపంలోనే ఉబ్బసం ఉంటుంది. ముక్కు వెనుక నుంచి గొంతులోకి కఫం జారడం, కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్నడం కూడా దగ్గుకు, బొంగురుకు కారణాలే. రక్తపోటుకు వాడే ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటి మాత్రలు కొందరికి ఎడతెగని పొడి దగ్గు తెప్పిస్తాయి. అటువంటివారు మాత్ర సొంతంగా మానక, వైద్యునికి చెప్పి మార్పించుకోవాలి.

తెర తెరలుగా దగ్గి, చివర కూత వంటి శబ్దంతో ఊపిరి పీల్చడం, వాంతి చేసుకోవడం కోరింత దగ్గు లక్షణాలు. గొంతులో బూడిద రంగు పొర, మెడ వాపు కంఠసర్పికి గుర్తులు. ఈ రెండింటి నుంచి టీకాలు రక్షణ కల్పిస్తాయి. శిశువుకు 6, 10, 14 వారాలలో పెంటావాలెంట్ టీకా, 16 నుంచి 24 నెలల మధ్య, తిరిగి 5 నుంచి 6 ఏళ్ల మధ్య డీపీటీ బూస్టర్, 10, 16 ఏళ్లలో టీడీ టీకా వేయించాలి. పని కొరకు ఊళ్లు మారే కుటుంబాలలో బూస్టర్లు తప్పిపోయే అవకాశం ఎక్కువ గనుక టీకా కార్డును వెంట ఉంచుకోవాలి.

ఊపిరి పీల్చునపుడు గురక వంటి శబ్దం రావడం, ఆయాసంతో మాట పూర్తి చేయలేకపోవడం, ఉమ్మి కూడా మింగలేక చొంగ కారడం, పెదవులు నీలంగా మారడం, రక్తం పడడం - ఇవి క్షణం ఆలస్యం చేయరాని లక్షణాలు. వెంటనే 108కు ఫోన్ చేయాలి.

అధికారులు, పాత్రికేయుల పాత్ర

గ్రామస్థాయిలో ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం ఇంటింటికీ వెళ్లినపుడు దగ్గు ఉన్నదా అని అడిగితే లేదనో, మామూలేననో సమాధానం వస్తుంది. దగ్గు ఏ రోజున మొదలైనదని అడిగితే లెక్క బయటపడుతుంది. పండుగ, సంత, పెళ్లి, కోత మొదలైన రోజు వంటి గుర్తులతో తేదీని రాబట్టవచ్చు. ఈ ఒక్క ప్రశ్నను మార్చుట వల్ల ఖర్చేమీ లేకుండా మరింత మంది పరీక్షకు రాగలరు.

మార్కెట్ యార్డులు, జిన్నింగ్ మిల్లులు, గ్రానైట్ యూనిట్లు, వలస కూలీల గుడారాల వద్ద కోతల కాలంలోనే శిబిరాలు నిర్వహిస్తే ఫలితం అధికంగా ఉంటుంది. కోతలు ముగిసిన తరువాత పెట్టిన శిబిరానికి వచ్చేవారు ఉండరు. 2024 డిసెంబరు 7న దేశవ్యాప్తంగా ఆరంభమైన వంద రోజుల క్షయ ప్రచారంలో లక్షణాలు లేకున్నా ముప్పు ఎక్కువగా ఉన్నవారికి ఎక్స్‌రే పరీక్షలు నిర్వహించిన పద్ధతి ఇందుకు దారి చూపుతున్నది. ప్రైవేటు వైద్యులు కూడా తమ వద్దకు వచ్చిన క్షయ రోగుల వివరాలు ప్రభుత్వానికి తెలియజేయాలన్న నిబంధన 2012 నుంచి అమలులో ఉన్నది. పాఠశాలలలో గొంతు పోయిన ఉపాధ్యాయునికి రెండు మూడు రోజులు పాఠం బదులు రాత పని చేయించే వెసులుబాటు కల్పించడం ప్రధానోపాధ్యాయుల చేతిలోని పనియే.

పత్రికలు చలికాలంలో గొంతు నొప్పికి చిట్కాలు ప్రచురించడం ఆనవాయితీ. ఆ చిట్కాల చివర రెండు వారాల దగ్గు, నాలుగు వారాల బొంగురు గడువులను కూడా ఒక వాక్యంగా చేర్చినచో పాఠకులకు ఎంతో మేలు జరుగుతుంది. క్షయ సమాచారం కొరకు 1800-11-6666 ఉచిత ఫోన్ నంబరును ప్రచురించవచ్చు. రోగుల పేర్లు, ఫొటోలు ప్రచురించరాదు. పేరు బయటపడుతుందన్న భయమే అనేకులను పరీక్షకు దూరంగా ఉంచుతున్నది.

మిర్చి ఘాటుకు దగ్గు రావడం సహజం. కల్లం విడిచి వచ్చిన తరువాత కూడా ఆ దగ్గు వారాల తరబడి వెంట వస్తున్నదంటే మాత్రం దానిని ఘాటు ఖాతాలో వేసి ఊరుకోరాదు. గొంతు నొప్పి మొదలైన రోజునే ఇంటి గోడ క్యాలెండర్‌పై ఒక గీత గీసి, అక్కడి నుంచి రెండు వారాలకు మరొకటి, నాలుగు వారాలకు ఇంకొకటి గీసుకున్నచో చాలు. ఆ గీతలు రాక ముందే గొంతు బాగుపడితే సంతోషమే. బాగుపడనిచో ఆ రోజు ఆసుపత్రికి బయలుదేరవలసిన రోజు.